గల్లీ పొడుగునా ఒక ఎర్ర గీత

నేను మైకు అందుకోగానే ఒకసారి గడియారం వైపు చూసుకున్న సభాధ్యక్షులు పద్మనాభం గారికి, ఈ బడిని సొంత ఇంటికన్నా ఎక్కువగా కనిపెట్టుకుని ఉన్న మా ప్రిన్సిపాల్ దేవకృప గారికి, మొదటి వరుసలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్న బిక్షం గారికి, ఆయన కునుకు తీయకుండా పక్కనే కాపలా ఉన్న శారదమ్మ గారికి (నవ్వులు), ఇన్నేళ్లూ నాతోపాటు చీర కుచ్చిళ్లకు రంగులు పూయించుకున్న తోటి టీచర్లకు, కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డ తల్లిదండ్రులకు, లడ్డూల పెట్టె మీద నుంచి చూపు తిప్పకుండా చాపమీద కూర్చున్న మా నర్సరీ పిల్లలకు, పేరుపేరునా నమస్కారం.

ముందుగా ఒక చిన్న మనవి. ఏప్రిల్ నెలలో యాప్రాల్‌లో ఉన్ని శాలువా కప్పుకుని మాట్లాడే శక్తి నాకు లేదు. తీసి కుర్చీ వీపుకు వేస్తున్నాను. అగౌరవం అనుకోకండి. మళ్లీ ఫొటోకు కప్పుకుంటాను.

ఇంతకుముందు మాట్లాడిన పెద్దలంతా కుసుమకుమారి గారు మా పిల్లలకు అక్షరాలు దిద్దించారని మెచ్చుకున్నారు. మెచ్చుకుంటుంటే అడ్డుపడటం మర్యాద కాదని ఊరుకున్నాను గానీ, ఈ బడిలో నేను ఒక్క అక్షరమూ దిద్దించలేదు. అది ఎల్‌కేజీ టీచర్ల పని. నాది దానికి ముందు పని. పెన్సిలు పట్టే బలం వేళ్లకు ఇంకా రాని వయసులో, ఆ చెయ్యి ఏం గీయాలనుకుంటే అది గీయనివ్వడం. పళ్లెంలో బొంబాయి రవ్వ పోసి వేలితో గీతలు పెట్టించడం, బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి అచ్చులు వేయించడం, ఎండకు కాలిన గచ్చుమీద తడి చీపురుతో సున్నాలు చుట్టించి, అవి ఆరిపోతుంటే అందరం చుట్టూ చేరి 'పోయింది, పోయింది' అని చప్పట్లు కొట్టడం. చూసేవాళ్లకు ఇది జీతం ఇచ్చి చేయించుకునే పనిలా కనిపించదు. మా వారికీ కనిపించలేదు. సాయంత్రం మౌలాలిలో ఇంటికి చేరగానే, ఇవాళ పిల్లలకు ఏం చెప్పావని అడిగేవారు. చీపురు అనేదాన్ని. ఆయన ఇంకేమీ అడిగేవారు కాదు. (నవ్వులు)

ఈ పనికి మా బడిలో 'గీతల గంట' అని పేరు. పేరుకు గంటే గానీ పిల్లలు స్నానాలగదికి పోయి చేతులు కడుక్కుని, ఆ కడుక్కున్న చేతులు నా చీరకు తుడుచుకునేసరికి పూట గడిచిపోయేది. మీలో పాతవాళ్లకు తెలుసు, ఆ గీతల గంట ఒకసారి పోవలసింది. నన్నూ తీసుకుని పోవలసింది. ఎందుకు పోలేదో కొత్తవాళ్లకు తెలియదు. ఈ గల్లీలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకుంటున్నారు, మొన్న ఒకావిడ అది దయ్యం గీసిన గీత అని కూడా చెప్పింది. కాబట్టి వెళ్లిపోయే ముందు జరిగింది జరిగినట్టు చెబుతాను. అందులో ఉన్నవాళ్లు చాలామంది ఇక్కడే ఉన్నారు, తప్పు చెబితే అక్కడికక్కడే దిద్దండి.

ఇప్పుడు ఆరో తరగతి చదువుతున్న యామిని, మన బిక్షం గారి, శారదమ్మ గారి మనవరాలు, అప్పుడు నా నర్సరీలో ఉండేది. ఆ ఏడాది తల్లిదండ్రుల మీటింగులో ఒకటే గొడవ. ఏ.ఎస్. రావు నగర్‌లో మా అక్క కూతురు అప్పుడే పేరు రాస్తోంది, మా వాడు బెండకాయ ముద్రలు వేస్తున్నాడు, దీనికా మేం పంపేది అని. వాళ్ల బాధా బాధే. దేవకృప గారు నన్ను గదిలోకి పిలిచి, దసరా సెలవుల తరవాత గీతల గంట ఆపేసి నాలుగు గీతల నోటుపుస్తకాలు పెడదామన్నారు. పిల్లల్ని తీసుకుని వాళ్లు వెళ్లిపోతే రవ్వ పళ్లెం ఎవరి ముందు పెడతావు కుసుమా అని అడిగారు. సరేనన్నాను. సరేనన్న తరవాత బయటికి వచ్చి పిల్లల చెప్పులన్నీ వరసగా సర్దాను. నాకు ఏడుపు వస్తే చెప్పులు సర్దుతాను.

సెలవులకు ముందు రోజు ఆఖరి గీతల గంట. పండగ తరవాత బడికి సున్నం వేయించాలనుకుంటున్నారు కాబట్టి, గల్లీ వైపు గోడ మీద ఏం చేసుకున్నా ఫరవాలేదని దేవకృప గారు అనుమతి ఇచ్చి, మధ్యాహ్నం బండికే నిడదవోలు వెళ్లిపోయారు. గడపలకూ అరుగులకూ పూసే ఎర్రజాజు ఉంటుంది కదా, అది బకెట్టులో కలిపి, పిల్లలకు తలా ఒక బ్రష్షు ఇచ్చి, ఇవాళ కనిపించింది కాదు, వినిపించింది గీయమన్నాను. ఒకడు కాకి అరుపు గీశాడు, బాణాల్లా వచ్చాయి. ఒకమ్మాయి కుక్కరు విజిలు గీసింది, విజిలుకొక ఇంటూ మార్కు. ఇంకొకడు బోరు మోటారు చప్పుడని ఒక కర్రా రెండు సున్నాలూ వేశాడు. యామిని వాళ్ల తాత గురక మొదలుపెట్టింది.

గోడ ఈ చివర మొదలైంది గురక. పైకి లేచింది, వంగింది, మళ్లీ లేచింది. బడి గోడ అయిపోయింది. నేను చాలమ్మా అనేలోపు ఆ పిల్ల వెనక్కి తిరిగి, "టీచర్, తాత గురక ఇంకా ఒడవలే" అంది.

సగం గురక దగ్గర ఆగమని ఎవరైనా ఎలా చెబుతారు? బకెట్టు పట్టుకుని వెనకే నడిచాను. పక్కింటి గోడ, దాని పక్క గోడ, పద్మనాభం గారి గేటు, అక్కడ ఒక సన్నటి మెలిక, ఆపైన మళ్లీ అల. మిగతా పిల్లలు ఊరుకుంటారా, మా వెనకే వచ్చి గేటుకొక విజిలు, స్తంభానికొక కాకి, అక్కడక్కడా ఒక బోరు మోటారు పెట్టారు. మగవాళ్లు ఆఫీసుల్లో ఉన్నారు, ఇంట్లో ఉన్నవాళ్లు, బిక్షం గారితో సహా, టీవీల ముందు ఉన్నారు. గల్లీలో మమ్మల్ని చూసినవాళ్లు లేరు. యామిని వాళ్ల ఇంటి వరండా మెట్లు ఎక్కి, స్తంభం మీద ఒక లావాటి అడ్డగీత గీసి, బ్రష్షు నా చేతికిచ్చి, ఒడిసింది అంది. తృప్తిగా అంది. జాజే కదా, పండగకు ఎవరి గోడ వాళ్లు కడుక్కుంటారనుకున్నాను. ఆ సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్లో బండి ఎక్కి మా అక్క దగ్గరికి బందరు వెళ్లిపోయాను.

ఇక్కడి నుంచి నేను చెప్పేది విన్న మాట. సాయంత్రం వాకింగు నుంచి తిరిగివస్తూ పద్మనాభం గారు ఆ గీతను చూశారు. ఆయన పెద్ద ఫ్యాక్టరీలో జీవితమంతా తనిఖీ విభాగంలో పనిచేసిన మనిషి. పని లేని గీత ఆయన కంటికి అంతవరకూ కనబడలేదు. ఎర్ర గీత, బాణాలు, గేట్ల మీద ఇంటూ మార్కులు, తన గేటు పక్కనే వంద అంకె. ఈ ఊళ్లో సొంత ఇల్లున్న ఎవరికైనా దాని అర్థం ఒకటే: రోడ్డు వెడల్పు చేస్తున్నారు, గీత దాకా కొట్టేస్తారు. (సభలో ఎవరో "అంతే కదా మరి" అన్నారు) అంతే కదండీ, నేనూ కాదనను. నా ఇంటి మీద ఉంటే నేనూ అదే అనుకుందును.

ఆయన ఊరికే భయపడి కూర్చునే రకం కాదు. మర్నాడు పొద్దున్నే టేపు పట్టుకుని బయల్దేరి, ప్రతి ఇంటి దగ్గరా గీత నేల నుంచి ఎంత ఎత్తున ఉందో కొలిచారు. గీత ఎంత ఎత్తున ఉంటే ఇల్లు అంత లోపలికి కొడతారని ఆయన లెక్కలో తేలింది. గ్రాఫు కాగితం మీద గురకంతా ఎక్కించారు. గీత ఒకచోట వంగిందేమని ఎవరో అడిగితే, కింద డ్రైనేజీ పైపు ఉంది, ఇంజనీర్లు దాన్ని తప్పించారు అన్నారు. ఇంకోచోట సన్నగా మెలిక తిరిగిందేమంటే, కరెంటు స్తంభం కోసం అన్నారు. గ్రాఫు చూపించి చెప్పిన మాటను ఎవరు కాదంటారు? గీత కిందుగా పోయిన ఇళ్లవాళ్లు దేవుడికి కొబ్బరికాయ కొట్టారు, పైకి లేచిన ఇళ్లవాళ్లు అన్నం మానేశారు. ఆయుధపూజ నాడు పద్మనాభం గారు ఆ టేపుకు బొట్టు పెట్టారని శారదమ్మ గారు చెప్పారు. నిజమేనా సార్? (అధ్యక్షులు తల ఊపారు, చప్పట్లు)

వెనక గల్లీలో హరికిషన్ గారని ఉండేవారు. ముందున్న ఇళ్లు పోతే తన ఇల్లు మెయిన్ రోడ్డు మీదికి వస్తుందని ఆయన సంతోషం పట్టలేక మిఠాయి పంచి, ఇంటికి రంగు వేయించి, ఏటీఎంకు అద్దెకిస్తామని బోర్డు కూడా పెట్టేశారు. ముందు వరసవాళ్లు ఆ మిఠాయి తీసుకున్నారు గానీ తినలేదు.

మిషను వచ్చి కొడితే గీత దగ్గర ఆగదు, మొత్తం స్లాబు అదిరిపోతుంది, ముందే మనమే తీసేసుకుంటే ఇల్లు దక్కుతుంది అని ఒక మాట పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు. పద్మనాభం గారు తన కారు ర్యాంపు తనే పగలగొట్టించుకుని, ఎంతో ఇష్టంగా పెంచుకున్న క్రోటన్స్ వరసంతా పీకించారు. ఒకరు ఇనుప మెట్లు కోయించారు. మరి బిక్షం గారి ఇంటి దగ్గర గీత వరండా మెట్లెక్కి స్తంభం దాకా వెళ్లింది కాబట్టి, లెక్క ప్రకారం అందరికన్నా ఎక్కువ పోయేది ఆయనకే. ఆ వరండా ఆయన మెచ్చి కట్టించుకున్నది. పొద్దున పేపరు అక్కడే, మధ్యాహ్నం కునుకు అక్కడే, వచ్చేపోయేవాళ్లతో ముచ్చట అక్కడే. పండగ రోజుల్లోనే మనుషుల్ని పెట్టి, ఆయన దగ్గరుండి ఆ వరండాను కూలగొట్టించుకున్నారు. పైకప్పు తీసేశారు, గీత ఉన్న మెట్లూ స్తంభమూ మాత్రం ఉంచారు, ఎర్ర మార్కు ఉన్నవి ముట్టుకుంటే కేసు అవుతుందని ఎవరో భయపెట్టారట.

ఆ రోజులన్నీ యామిని వాళ్ల తాత వెనకాలే తిరుగుతూ, అది నేనే గీసిన తాతా అని చెబుతూనే ఉంది. గునపం దెబ్బల మధ్య ఆయన, సరే బిడ్డా, నువ్వే గీసినవ్, జెర పక్కకు జరుగు, దుమ్ము పడ్తది అనేవారట. వాళ్ల నాన్నకు చెప్పింది. పద్మనాభం గారికీ చెప్పింది. ఆయన చాక్లెట్టు ఇచ్చి పంపారు.

సెలవులు అయిపోయి నేను గల్లీ మొదట్లో ఆటో దిగాను. యుద్ధం జరిగినట్టుంది. ర్యాంపులు లేవు, మెట్లు లేవు, చెట్లు లేవు, బిక్షం గారి ఇంటికి ముఖం లేదు. ఇన్ని పోయినా గోడలమీద గీత మాత్రం చెక్కుచెదరలేదు. చెరిపితే నేరమని ఎవరూ నీళ్లు కూడా పోయలేదు, ఒకాయన వాన పడకుండా దానిపైన ప్లాస్టిక్ పట్టా కట్టారు. బడిలోకి పోకుండా తిన్నగా పద్మనాభం గారింటికి వెళ్లాను. అక్కడ కాలనీ కమిటీ కూర్చుని ఉంది, బిక్షం గారూ ఉన్నారు. అందరి ముందూ నిలబడి, ఇది రోడ్డు గీత కాదు, మా పిల్లలు గీసినది అని చెప్పాను.

ఎవరూ నమ్మలేదు. మీరు నవ్వుతున్నారు గానీ ఆ రోజు అక్కడ ఎవరూ నవ్వలేదు. పద్మనాభం గారు గ్రాఫు నా ముందు పరిచి, ఇందులో ఒక పద్ధతి ఉంది టీచర్ గారూ, పిల్లలు గీస్తే పద్ధతి ఉండదు అన్నారు. బిక్షం గారు కోపంగా కూడా అనలేదు, అలిసిపోయిన గొంతుతో, "వరండా పడగొట్టుకున్నంక వచ్చి గిట్ల చెప్తే ఎట్ల నమ్మాలె టీచరమ్మా" అన్నారు. ఆయన చెప్పింది నాకు అర్థమైంది. నా మాట నిజమైతే ఆయన వరండా దేనికీ కాకుండా పోయినట్టు. అబద్ధమైతేనే ఆ మనిషికి నయం.

అప్పటికే నిడదవోలు నుంచి దిగిన దేవకృప గారు నన్ను పిలిచి కూర్చోబెట్టి, తలుపు వేశారు. నేను చెప్పిందంతా విని, నువ్వు చెప్పింది నిజమైనా ప్రమాదమే, కాకపోయినా ప్రమాదమే అన్నారు. నిజమైతే కాలనీ అంతా బడిమీద పడుతుంది. అప్పుడు నిన్ను ఉంచుకోవడం నా చేతుల్లో ఉండదు, ముందే చెబుతున్నాను అన్నారు. అన్యాయంగా అనలేదు, కళ్లనీళ్లతోనే అన్నారు. ఆ రోజు కూడా చెప్పులు సర్దాను.

మర్నాడు, కమిటీ పెట్టుకున్న అర్జీకి జవాబుగా, రోడ్లు చూసే ఆఫీసు నుంచి యుగంధర్ గారని ఒక యువ అధికారి వచ్చారు. కొట్టేయండి గానీ గ్రాఫులో చూపినంత వద్దు, కాస్త తగ్గించండి అని ఆ అర్జీ సారాంశం. ఆయన గల్లీ అంతా నడిచి చూసి, ఈ వీధికి రోడ్డు వెడల్పు అనే ప్రతిపాదనే మా దగ్గర లేదన్నారు. హమ్మయ్య అనుకున్నాం. వెంటనే ఆయనే, గీత ఉంది కదా, ఫైలు లేకుండా గీత రాదు, ఫైలు దారిలో ఉండొచ్చు అన్నారు. ఫైలు వచ్చేదాకా దీన్ని చెరపడానికి వీల్లేదన్నారు. నేను ముందుకు వెళ్లి ఇది గురక అని చెప్పాను. ఆయన వినపడలేదేమో అనుకుని మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను.

మర్యాదస్తుడు. నన్ను పిచ్చిదాన్ని అనలేదు. రుజువు ఉందా మేడమ్ అని అడిగారు.

యామినిని పిలిచాను. నర్సరీ పిల్లను తీసుకొచ్చి రెవెన్యూ భాషలో సాక్ష్యం చెప్పమంటే చెబుతుందా అని అందరూ చూస్తున్నారు. నాకూ లోపల భయంగానే ఉంది, ఎందుకంటే ఈ వయసు పిల్లలు నిన్న గీసింది ఏనుగు అంటారు, ఇవాళ అడిగితే ఐస్‌క్రీమ్ అంటారు. ఇదేమిటని అడగలేదు. దీని గురించి చెప్పమ్మా అన్నాను. ఆ పిల్ల బడి గోడ దగ్గరికి వెళ్లి, గీత మొదలుమీద వేలు పెట్టి, గురక పెట్టడం మొదలుపెట్టింది.

గీత పైకి లేచినచోట గాలి లోపలికి పీల్చింది, వంగినచోట వదిలింది. నడుస్తోంది, వేలు గీతమీదే ఉంది. వెనక అధికారి, ఆయన వెనక పద్మనాభం గారు గ్రాఫుతో, దేవకృప గారు, నేను, కాలనీ అంతా. డ్రైనేజీ పైపు కోసం వంగిన చోట ఆ పిల్ల మెత్తగా బుస్సుమంది. కరెంటు స్తంభం కోసం మెలిక తిరిగిన చోట సన్నగా ఈల వేసింది. పద్మనాభం గారు గ్రాఫు వంక చూశారు, పిల్ల వంక చూశారు, కళ్లజోడు తీసేశారు. బిక్షం గారి ఇంటి మెట్లు వచ్చాయి. ఒక్కో మెట్టు ఎక్కుతూ గురక పెద్దదైంది, పెద్దదైంది, స్తంభం మీద లావాటి అడ్డగీత దగ్గర ఠక్కున ఆగిపోయింది.

యుగంధర్ గారు వంగి, ఇక్కడెందుకు ఆగిందమ్మా అని అడిగారు.

"ఈడ నాయనమ్మ తాతను పొడుస్తది" అంది యామిని.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న శారదమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఆపుకుందామని చాలా ప్రయత్నించారు పాపం. ఆఖరికి, అవును సారూ, గట్లనే ఉంటది, మొదలు నుంచి అంతా గట్లనే ఉంటది, ఈల సుత ఉంటది అని సాక్ష్యం చెప్పారు.

బిక్షం గారు పడగొట్టిన వరండా గట్టుమీద కూర్చున్నారు. గల్లీ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి కళ్లతో చూసుకున్నారు. "గింత పెద్దగ గురక పెడ్తనా నేను?" అని అడిగారు. (పెద్దగా నవ్వులు) మీరు ఇప్పుడు నవ్వినట్టే అప్పుడూ అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. మనవరాలిని దగ్గరికి తీసుకుని, అందరికీ వినిపించేటట్టు, "చెప్తనే ఉండె ఈ పిల్ల. నేనే ఇనలే. ఇగ టీచరమ్మను ఎవలేమన్నా అంటే నాతోని మాట్లాడాలె" అన్నారు.

బిక్షం గారూ, ఆ మాట మీరు అప్పుడే మరిచిపోయి ఉంటారు. నేను మరిచిపోలేదు. ఇల్లు ముందుభాగం పోగొట్టుకున్న మనిషి నోట వచ్చిన మాట అది. మంచినీళ్లు ఇవ్వండమ్మా.

యుగంధర్ గారు ఇబ్బందిలో పడ్డారు. నివేదికలో ఏమని రాయాలో ఆయనకు తోచలేదు. పద్మనాభం గారే పక్కన కూర్చుని, 'స్థానిక నివాసి ఒకరి నిద్రకు సంబంధించిన గీత' అని రాయించారు. అది ఇప్పటికీ ఏదో ఒక ఆఫీసులో ఉండే ఉంటుంది. అంతటితో అయిపోతే బాగుండేది. టేపు తెచ్చుకుని వచ్చినవాడు ఊరికే ఎలా పోతాడని యుగంధర్ గారు నిజంగానే గల్లీ కొలిచారు. ఈ గల్లీలో అందరూ తమ తమ ర్యాంపులూ మెట్లూ సెలవుల్లో తామే పగలగొట్టుకున్నారు కదా, రోడ్డుమీదికి వచ్చినవి ఏమీ మిగల్లేదు. ఒక్కటి తప్ప. మా బడి ముందు మెట్లు. ఆఫీసు వాళ్లు చివరికి కొట్టేసింది వాటినే. (నవ్వులు, చప్పట్లు) దేవకృప గారూ, మీరూ నవ్వండి, ఇన్నేళ్లయింది.

ఆ సాయంత్రం కమిటీ కూర్చుని, పిల్లలు ఇకమీద గల్లీలోకి రంగులతో రాకూడదని తీర్మానం రాసింది. న్యాయమే, సంతకం పెట్టాను. నన్ను తీసేయమని అడగడానికి మాత్రం ఎవరూ రాలేదు, బిక్షం గారు గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నోటుపుస్తకాలు అప్పటికే వచ్చేసి ఆఫీసు గదిలో కట్టలు కట్టి ఉన్నాయి. రేపు పంచేయనా అని దేవకృప గారిని అడిగాను. ఆవిడ కిటికీలోంచి గల్లీలోకి చూస్తున్నారు.

"ఆ పాప చదివింది కుసుమా," అన్నారు. "తను రాసింది, ఇన్ని రోజుల తరవాత, ఒక్కచోట కూడా తడుముకోకుండా చదివింది. మనం నోటుపుస్తకాలు పెట్టి నేర్పాలనుకున్నది అదే కదా."

కట్టలు ఎల్‌కేజీకి పంపేశారు. తల్లిదండ్రులకు ఆవిడే చెప్పుకున్నారు. కొంతమంది పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయారు కూడా, ఆ మాట దాచను. బడి మెట్లు కట్టేదాకా మాకు లోపలికి దారి సరిగా లేక, బిక్షం గారు కప్పులేని తన వరండా గట్టు మాకిచ్చారు. ఆ ఏడాది మిగిలిన గీతల గంటలన్నీ అక్కడే జరిగాయి. ఆయన మధ్యలో కూర్చుని బెండకాయలు కోసి ఇచ్చేవారు. వరండా మళ్లీ కట్టించమని వాళ్లబ్బాయి ఎంత చెప్పినా, ఎండాకాలం పోయినంక సూద్దాం అంటూ ఏటేటా అదే మాట చెబుతున్నారు. నాకు తెలిసి ఆయనకు ఆ ఎండ నచ్చింది.

ఇక నేను వెళ్లాలి. పద్మనాభం గారు గడియారం చూడటం మానేశారు, అది నాకు దక్కిన సన్మానం. నా స్థానంలోకి వస్తున్న శ్రీలలితకు సలహాలు చెప్పమని అడిగారు. సలహా అంటూ ఏమీ లేదమ్మా. పిల్ల ఒక గీత తెచ్చి చూపిస్తే బాగుంది అని వెంటనే అనకు, కాసేపు చూడు. తరవాత దాని గురించి చెప్పమను. చెబుతుంటే పక్కన ఎవరు గోడలు పగలగొట్టుకుంటున్నా సరే, నువ్వు ఆ పిల్ల వైపే తిరిగి కూర్చో.

నిజం చెప్పాలంటే నాకు వెళ్లాలని లేదు. రిటైరయ్యాక హాయిగా ఉండొచ్చని అందరూ అంటున్నారు, నేనూ తల ఊపుతున్నాను. సోమవారం పొద్దున చేతులకు రంగు అంటకుండా ఏం చేసుకోవాలో నాకు తెలియదు. మా ఇంట్లో సర్దడానికి చెప్పులు కూడా రెండు జతలే ఉన్నాయి.

నిన్న ఆఖరి గంటలో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, రేపటి నుంచి నేను రాను అని చెప్పాను. ఏడుస్తారేమో, ఎలా ఓదార్చాలా అని రాత్రంతా అనుకుని వచ్చాను. ఎవరూ ఏడవలేదు. కాసేపు ఆలోచించి ఒకమ్మాయి, మరి రంగుల డబ్బాల మూతలు ఎవరు తీస్తారు అని అడిగింది. మిగతావాళ్లు కూడా నా వైపు చూశారు. వాళ్లందరికీ ఉన్న దిగులు అదొక్కటే. శ్రీలలిత టీచర్ తీస్తారని చెప్పాను. ఆవిడకు గట్టి మూతలు వస్తాయా అని అడిగారు. వస్తాయన్నాను. వాళ్లకు నమ్మకం కుదిరినట్టు లేదు.

పిల్లలు వెళ్లిపోయాక, ఉన్న డబ్బాలన్నీ కిందికి దించి, ఒక్కొక్కదాని మూతా తిప్పి వదులు చేసి పెట్టాను.

నన్ను భరించిన దేవకృప గారికి, నా మాట విన్న మీకందరికీ, విననివాళ్లకు కూడా కృతజ్ఞతలు. శాలువా కప్పుకుంటున్నాను, ఫొటో తీసుకోండి. ఆ తరవాత నాకు సెలవిప్పించండి.